ఐసు అడిగిన వేడినీళ్ళ గాబు

ఎలక్ట్రానిక్ బోర్డు మార్చడం ఇప్పుడు మీకు పెద్ద పని కాదు. పాడైనదాన్ని ఫోనులో ఫోటో తీసి పంపిస్తారు, కొత్తది ఇంటికే వస్తుంది, స్క్రూలు విప్పి బిగించి చేతులు దులుపుకుంటారు. నా ఉద్యోగకాలంలో నేనూ చాలా బోర్డులు మార్చాను. వాటిలో ఒక్కదాని సంగతి మాత్రం మా ఇంట్లో భోజనాల దగ్గర ఇప్పటికీ ఎవరో ఒకరు ఎత్తుతారు, అన్నం తినేవాళ్ళకి పొలమారుతుంది. ఆ బోర్డు కోసం ఒక కోల్డ్ స్టోరేజీ సిబ్బంది రెండు పార్టీలుగా చీలిపోయారు. మండే మే నెలలో, గుంటూరులో, పైపులో నీళ్ళు గడ్డకట్టాయని నమ్మి మేం పెద్దవాళ్ళం నేలమీద బోర్లాపడుకుని ఐసు కోసం వెతికాం. మీరు ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్ళు గనక మీ చెవిన వేస్తే మంచిదనిపించింది.

అప్పట్లో నేను గుంటూరు బయట, హైవే పక్కనున్న ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో ఎలక్ట్రికల్ ఫోర్‌మన్‌ని. రెండువేల సంవత్సరం దాటి కొద్దికాలమే అయింది. రైతులూ వ్యాపారులూ మంచి రేటు వచ్చేదాకా మిర్చి టిక్కీలు తెచ్చి మా చలిగదుల్లో పెట్టుకునేవాళ్ళు. టిక్కీ అంటే కుక్కి కట్టిన మిరపకాయల బస్తా. చల్లదనం తగ్గితే కాయ రంగు పోతుంది, రంగు పోతే రేటు పోతుంది. అందుకని కంప్రెసర్ మోటార్లు, ప్యానెల్ బోర్డులు, జనరేటరు ఇవన్నీ కంటికి రెప్పలా చూసుకోవడం నా పని. యజమానిగారి ఇల్లు కూడా అదే ఆవరణలో ఉండేది. దాంతో ఆ ఇంటి ఫ్యాన్లూ, మిక్సీ, గీజరూ కూడా ఎవరూ చెప్పకుండానే నా ఉద్యోగంలో కలిసిపోయాయి.

యజమానిగారికి నలభై దాటి ఉంటాయి. మెత్తటి మనిషి, ఎవరినీ పల్లెత్తు మాట అనలేడు. ఆ లోటు వాళ్ళమ్మగారు తీర్చేవారు. ఆవిణ్ణి మేమంతా పెద్దమ్మగారు అనేవాళ్ళం. భర్త పోయాక మిర్చి యార్డులో మగవాళ్ళ మధ్య నిలబడి వ్యాపారం చేసి, ఆ కోల్డ్ స్టోరేజీ కట్టించింది ఆవిడే. టిక్కీలో చెయ్యి దూర్చి నాలుగు కాయలు తీసి నలిపి, తేమ ఎంతుందో, ఏ ఊరి సరుకో చెప్పేసేవారట. నేను చేరేనాటికి ఆవిడ మోకాళ్ళు పూర్తిగా అరిగిపోయాయి. వరండాలో కుర్చీ దాటి రాలేకపోయేవారు. వ్యాపారం కొడుకు చేతికి వచ్చింది, కొడుకు చేతిలోంచి మెల్లగా మేనేజరుగారి చేతికి పోయింది. మేనేజరుగారు దొంగ కాదు. కాకపోతే హాయిగా బతకడం అలవాటైన మనిషి. మధ్యాహ్నం ఆఫీసులో కునుకు తీసి, సాయంత్రం చలిగదుల తాళాలు ఒకసారి ఊపి చూసి, అంతా బాగుందనేవాడు.

ఒక ఏడాది యజమానిగారు మిర్చి వ్యాపారులతో కలిసి ఏదో చలిదేశం వెళ్ళొచ్చారు. తిరిగొచ్చాక అక్కడ మిర్చి ఎవరు కొంటారన్నది ఒక్క ముక్క చెప్పలేదు. హోటల్లో మంచు కురుస్తుంటే ఆరుబయట వేడినీళ్ళ తొట్టిలో మెడదాకా కూర్చున్నాడట. అడుగునుంచి బుడగలు వచ్చి నడుం పట్టేశాయట. చూపించడానికి రెండు చేతులూ గాల్లో ఆడించేవాడు. మేం విని ఊరుకున్నాం. మంచు కురిసే చోట వేడినీళ్ళు బాగానే ఉంటాయి గదా. గుంటూరులో, నీళ్ళ ట్యాంకు కింద పంపు తిప్పితే చెయ్యి కాలే ఊళ్ళో, అది కావాలనుకుంటాడని మాత్రం మాకెవరికీ తట్టలేదు.

చెన్నైలో ఉంటున్న ఒక విదేశీ కుటుంబం స్వదేశానికి వెళ్ళిపోతూ తమ తొట్టి అమ్మేస్తున్నారని ఆయనకి తెలిసింది. హార్బరుకి మిర్చి దింపిన లారీలోనే అది వెనక్కి వచ్చేసింది. టిక్కీలు మోసే హమాలీలు దాన్ని చూసి కాసేపు చుట్టూ తిరిగారు. వాడరేవుకి పోవాల్సిన పడవ దారితప్పి ఇక్కడికొచ్చిందేమో కనుక్కోమని వాళ్ళ మేస్త్రీ నాతో నిజంగానే అన్నాడు. పడవ కాదు, కూర్చుని స్నానం చేసే తొట్టి అని చెప్పాను. ఓహో, గాబా, అన్నాడు. ఆ రోజునుంచి దాని పేరు గాబే.

దాన్ని ఎక్కడ పెట్టాలన్నది పెద్ద చర్చ. వాస్తు చూసే ఆయన వచ్చి, నీళ్ళు ఈశాన్యంలో ఉండాలి, నిప్పు ఆగ్నేయంలో ఉండాలి అన్నాడు. ఇది వేడినీళ్ళు కదండీ అని యజమానిగారు అడిగారు. ఆయన చాలాసేపు ఆలోచించి, రెండింటికీ మధ్యన, తూర్పుగోడ వెంబడి పెట్టించాడు. గోడ అవతల ఖాళీస్థలంలో మిరపకాయలు ఆరబోసేవాళ్ళు. మొదటిరోజు యజమానిగారు బుడగల్లో కూర్చుని దేవుణ్ణి తలుచుకోబోయేంతలో గాలి తిరిగింది. ఆయన వరసగా తుమ్ముతూనే బయటికొచ్చాడు.

పెద్దమ్మగారికి గాబు మొదట అసహ్యం. ఒకళ్ళు కూర్చున్న నీళ్ళలో ఇంకొకళ్ళు కూర్చోవడం ఏమిటి, ఊరగాయ జాడీలాగా, అనేవారు. అయితే డాక్టరు ఆవిడ మోకాళ్ళకి వేడినీళ్ళ కాపడం పెట్టమన్నాడు. గుడ్డ ముంచి కాపడం పెట్టే పనిమనిషి ఒకరోజు రాకపోవడంతో, కొడుకు బతిమాలి బతిమాలి ఆవిణ్ణి గాబులో దింపాడు. నేతచీర కట్టుకుని, నుదుటన విభూతితో, కళ్ళు మూసుకుని ఆవిడ దిగడం నేను చూశాను. మళ్ళీ బయటికి రమ్మంటే రాలేదు. భోజనం అక్కడికే తెమ్మన్నారు.

ఆ తర్వాత యజమానిగారికి గాబు దక్కలేదు. పొద్దున్నే ఆవిడ దిగేవారు. నెల తిరిగేసరికి ఆవిడ స్నేహితురాళ్ళు, అందరూ మోకాళ్ళ నొప్పులవాళ్ళే, పెదకాకాని నుంచి కూడా ఆటోలో వచ్చి చీరలతో దిగి కూర్చునేవాళ్ళు. చుట్టూ బుడగలు లేస్తుంటే ఆ ముసలమ్మలు మిర్చి రేట్లు, పత్తికి పట్టిన పురుగు, కోడళ్ళ సంగతులు మాట్లాడుకునేవాళ్ళు. కొన్నవాడు తువ్వాలు భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడి, అమ్మా, అయిందా, అని అడిగి వెళ్ళిపోయేవాడు.

నిజం చెప్పాలంటే గాబు పనిచేసింది. ఆవిడ మొదట కర్రతో నడిచారు, తర్వాత కర్ర పారేశారు. ఒకరోజు చెప్పాపెట్టకుండా మా ప్యానెల్ రూములో ప్రత్యక్షమై, ఈ లైటు పగలు ఎందుకు వెలుగుతోంది అని నన్నడిగారు. ఇంకో రోజు చలిగదిలోకి వెళ్ళి, గోడకి ఆనించి పేర్చిన టిక్కీలు చూసి, గాలి ఆడే దారి మూసేశారని అన్నీ తీయించి మళ్ళీ పేర్పించారు. మేనేజరుగారి మధ్యాహ్నపు కునుకు పోయింది. ఆవిడ మోకాళ్ళు బాగుపడ్డాక వణకడం మా మోకాళ్ళ వంతయింది.

సరిగ్గా ఆ సమయంలో గాబు ఆగిపోయింది.

పొద్దున్నే కబురొస్తే వెళ్ళాను. పక్క పలక విప్పి చూస్తే కంట్రోల్ బోర్డు మీద ఒక బల్లి కాలిపోయి అతుక్కుని ఉంది. హీటరుకి కరెంటు వెళ్ళే రెండు తీగల మధ్య అడ్డంగా పడుకుంది పాపం. బోర్డు సగం బొగ్గయింది. దాని నంబరు ముద్రించిన చోటే బల్లి పోయింది కాబట్టి నంబరు కూడా పోయింది. మేనేజరుగారు వెంటనే పంచాంగం తెప్పించాడు. బల్లి తలమీద పడితే ఏమవుతుందో, ఎడమ భుజం మీద పడితే ఏమవుతుందో అంతా ఉంది, సర్క్యూట్ బోర్డు మీద పడితే ఏమవుతుందో లేదు. అయినా మంచి సూచన కాదని, గాబు తీసి పారెయ్యడమే క్షేమమని ఆయన తేల్చాడు.

పార్టీలు అలా మొదలయ్యాయి. గాబు వద్దనేవాళ్ళకి మేనేజరుగారు నాయకుడు. ఆఫీసు గుమాస్తాలు, కాటా దగ్గర కూర్చునేవాళ్ళు ఆయన వెనక. గాబు కావాలనేవాళ్ళకి మా కంప్రెసర్ ఆపరేటరు పెద్దదిక్కు. ఆయన పాతగుంటూరు సాయిబు. అమ్మోనియా వాసన పీల్చి పీల్చి ఆ ప్లాంటులోనే తల నెరిసినవాడు. స్క్రూడ్రైవరు కొన మోటారు మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని బేరింగు ఆరోగ్యం చెప్పేవాడు. పెద్దమ్మగారు కట్టించిన రోజునుంచీ ఉన్నాడు కనక ఆవిడ నడుస్తుంటే ఆయనకి సంతోషం. నన్ను తమ్ముడూ అనేవాడు, నేను భాయ్ అనేవాణ్ణి. నేను ఏ పార్టీ అని ఎవరూ అడగలేదు. బాగుచేసేవాడు కాబట్టి ఇద్దరూ నన్ను అనుమానంగానే చూశారు.

యజమానిగారు ఆఫీసులో మీటింగు పెట్టి చెన్నైలో అలాంటి సామాను అమ్మే దుకాణానికి ఫోను చేశారు. నంబరు లేకపోతే ఎలాగండీ, పంపులెన్ని, హీటరు ఎంత, గాలి ఊదే మోటారు విడిగా ఉందా, సెన్సర్లు ఏ రకం అని అవతలినుంచి వరసగా ప్రశ్నలు. పంపులూ హీటరూ నేను చెప్పగలిగాను. సెన్సర్ల రకం అంటే నాకూ అర్థం కాలేదు. నీళ్ళ వేడి ఎంతుందో బోర్డుకి చెప్పే, ఇనుప మేకు సైజు చిన్న ముక్కలవి, రెండుంటాయి. వాటిలోనూ రకాలుంటాయని అప్పటిదాకా నాకు తెలీదు. పెట్టె కొలతలు చెప్పండి, అన్ని గాబులకీ సరిపోయే బోర్డు మా దగ్గరొకటుంది, సెన్సర్ల పిన్నులు అందులో దూరితే చాలు అన్నాడు దుకాణదారు. దూరతాయి అని మీటింగంతా ఏకగ్రీవంగా అనుకుంది. అది ఏ రంగులో ఉంటుందని మేనేజరుగారు మాత్రం అడిగాడు. పచ్చరంగు అన్నారు. పాతదీ పచ్చదే అని ఆయనా ఒప్పుకున్నాడు.

బోర్డు వచ్చింది. పెట్టెలో చక్కగా కూర్చుంది. సెన్సర్ల పిన్నులు వాటి రంధ్రాల్లో టక్కున దూరాయి. గాబులో తాజాగా బోరునీళ్ళు పట్టించి స్విచ్చి వేశాను. పంపు తిరిగింది, చిన్న తెరమీద ఎర్రటి అక్షరాలు వెలిగాయి. యజమానిగారు వంగి చదివారు.

"ఐ, సి, ఇ. ఐస్ అంటోందండీ."

అందరం ఒకరి తర్వాత ఒకరం వంగి ఆ అక్షరాలే చదివాం. బయట ఎండకి కాకులు కూడా అరవడం లేదు.

ఆలోచించగా రెండు వాదాలు తేలాయి. ఐస్ అంటే లోపల ఐసు ఉందనా, లేక ఐసు కావాలనా? కోల్డ్ స్టోరేజీలో ఉన్నవాళ్ళం, చలిగదిలో పైపులమీద మంచు పేరుకోవడం రోజూ చూసేవాళ్ళం కాబట్టి మొదటి వాదానికే బలం వచ్చింది. భాయ్‌ని పిలిచాం. ఆయన స్క్రూడ్రైవరు గాబు పైపుకి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకుని చాలాసేపు విన్నాడు. లోపల ఏదో గరగరలాడుతోంది తమ్ముడూ అన్నాడు. పైపు విప్పాం. భాయ్, నేను, యజమానిగారు ముగ్గురం నేలమీద పడుకుని టార్చిలైటు వేసి ఆ రంధ్రంలోకి చూశాం. మేనేజరుగారు వెనకనుంచి గొడుగు పట్టాడు. లోపల దొరికింది ఒక ముసలమ్మగారి తలపిన్ను.

ఇక మిగిలింది రెండో వాదం. అది పెద్దమ్మగారిది. గాబు ఆగిన దగ్గర్నుంచి ఆవిడ మళ్ళీ కుర్చీలో పడ్డారు, చిరాకు మీద ఉన్నారు. అడుగుతోంది కదా, ఇచ్చి చూడండి అన్నారు. ఆవిడ మాట కాదనే అలవాటు ఎవరికీ లేదు. ఊకలో చుట్టిన ఐసు దిమ్మలు రిక్షాలో వచ్చాయి. ఒక్కొక్క దిమ్మ గాబులో వేస్తూ అందరం తెరవైపు చూశాం. ఐస్ అనే అక్షరాలు అలాగే ఉన్నాయి. ఇచ్చినకొద్దీ అడుగుతోందేమిటండీ అని మేనేజరుగారు సంబరపడ్డాడు. సాయంత్రం పైన మూత వేసి, స్విచ్చి వేసే ఉంచి, రేపు చూద్దామని ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్ళిపోయాం.

మర్నాడు పొద్దున నేను వెళ్ళేసరికి వరండాలో పండగలా ఉంది. తెరమీద ఐస్ పోయి అంకె వచ్చింది. ఇరవై అయిదు డిగ్రీలట. ఐసు కరిగింది, గాబు దారికొచ్చింది, ఇంక మెల్లగా వేడెక్కుతుంది అని భాయ్ అందరికీ చెబుతున్నాడు. మేనేజరుగారు నిరుత్సాహంగా గోడకి ఆనుకుని ఉన్నాడు. పెద్దమ్మగారు చీర కుచ్చెళ్ళు ఎగదోపి, కొడుకు చెయ్యి పట్టుకుని మెట్టెక్కారు. చల్లగా ఉంటే ఉన్నాయి, వేడెక్కేదాకా లోపలే కూర్చుంటానన్నారు. కొడుకు మూత తీశాడు. గుప్పున వేడి మొహాన కొట్టింది. మే నెలలో గుంటూరులో మొహాన వేడి కొడితే ఎవరికీ అనుమానం రాదు.

నేను మామూలుగా పంపు దగ్గర వంగాను. మోటారు అదురుతోందా లేదా చూడ్డానికి పైపు మీద చేతి వెనకవైపు ఆనించి చూడ్డం మా అలవాటు. ఆనించిన చెయ్యి కాలింది. ఒక్క క్షణం నాకు ఏమీ అర్థం కాలేదు. తలెత్తితే ఆవిడ కుడికాలు గాబు అంచు దాటి నీళ్ళ మీదికి వస్తోంది.

"దిగొద్దు!" అని అరిచాను.

అలా ఎందుకు అరిచానో, అండీ అని కూడా ఎందుకు అనలేదో నాకే తెలీదు. ఆవిడ కాలు గాల్లో ఆగింది. ఆ ఆవరణలో ఆవిడ మీద గొంతెత్తిన మనిషి అంతకుముందు లేడు. ఆవిడ నావైపు తిరిగి చూశారు. నేను పరుగెత్తి మెయిన్ స్విచ్చి దింపేశాను. నీళ్ళు మరుగుతున్నాయండీ అన్నాను.

మేనేజరుగారికి అవకాశం దొరికింది. అంకె ఇరవై అయిదు అంటుంటే మరగడం ఏమిటి, ఫోర్‌మన్ గారు బోర్డు సరిగా పెట్టలేక భయపెడుతున్నారు అంటూ ముందుకొచ్చాడు. చొక్కా చెయ్యి మడిచి మోచేతిదాకా నీళ్ళలో పెట్టేశాడు. పెట్టిన వేగానికి రెట్టింపు వేగంతో తీశాడు. చెయ్యి పండుమిర్చిలా ఉంది. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. అయినా పరువు అనేది ఒకటుంటుంది కదా.

"కాస్త గోరువెచ్చగా ఉన్నాయి," అన్నాడు.

ఆయన్ని ఆస్పత్రికి పంపించాం. బొబ్బలతో పోయింది, దేవుడి దయ. పెద్దమ్మగారు మాత్రం మెట్టుమీద అలాగే కూర్చుండిపోయారు. చుట్టూ ఉన్నవాళ్ళని వెళ్ళమన్నారు. ఆ రోజు నా ఉద్యోగం అయిపోయిందనే అనుకున్నాను.

"నామీద మా ఆయన కూడా ఎప్పుడూ అరవలేదయ్యా," అన్నారు. మళ్ళీ ఆవిడే, "దిగుంటే ఏమయ్యేది?" అని అడిగారు.

చెప్పాను. ఆవిడ తన పాదాలవైపు చూసుకున్నారు.

"సరే. ఇంక ఫోన్లూ వద్దు, మీటింగులూ వద్దు. నువ్వు చెన్నై వెళ్ళు. చూసి, సరైనది తెలుసుకుని తీసుకురా. తెచ్చేదాకా దీన్ని ఎవరూ ముట్టుకోకూడదు."

కాలిన బోర్డు, కొత్త బోర్డు, గాబు సెన్సర్లు రెండూ తువ్వాల్లో చుట్టుకుని బయల్దేరాను. యజమానిగారే కారులో స్టేషనుకి తీసుకెళ్ళారు. దారిపొడుగునా ఏదో చెప్పాలని నోరు తెరవడం, మూసుకోవడం. ప్లాట్‌ఫారం మీద చివరికి అన్నాడు. ఎలాగూ వెళ్తున్నారు కదా, తొందరేం లేదు, నాలుగు రోజులుండి చెన్నై చూసి రండి, ఈ లోపల ఇక్కడ అందరూ కాస్త ఊపిరి పీల్చుకుంటారు అన్నాడు. నేను నవ్వి రైలెక్కాను. రైలు కదిలింది. కిటికీలోంచి చూస్తే ఆయన పక్కనే నడుస్తున్నాడు, నడక పరుగయింది.

"వద్దులెండి, రేపే వచ్చెయ్యండి," అన్నాడు రొప్పుతూ. "ఇందాక అమ్మ పూజగదిలో కింద కూర్చుని, లేవలేక నన్ను పిలిచింది. అలా ఎప్పుడూ పిలవలేదు."

చెన్నై దుకాణంలో అటకనిండా బోర్డులే. ఏది కావాలో తీసుకోండి అని దుకాణదారు చూపించాడు. చూడ్డానికి అన్నీ అక్కచెల్లెళ్ళలా ఉన్నాయి. ఈసారి నేను దేన్నీ చూపుమీద నమ్మదల్చుకోలేదు. గాబు సెన్సరొకటి, ఈ కొత్త బోర్డుకి అసలు పెట్టాల్సిన సెన్సరొకటి అడిగి తీసుకుని, ఎదురుగా ఉన్న టీకొట్టుకి వెళ్ళాను. వేడి టీ గ్లాసులో రెండూ ముంచి, కరెంటుని ఏది ఎంత అడ్డుకుంటోందో కొలిచే మీటరు పెట్టాను. రెండు ముక్కలూ ఒకే టీలో ఉన్నాయి. ఒకటి చెప్పినదానికి రెండోది దాదాపు మూడింతలు చెబుతోంది. టీకొట్టు ఆయన వచ్చీరాని తెలుగులో, టీ చల్లగా ఉందని అనుమానమైతే నోటితో చెప్పొచ్చు కదా సార్, మిషను పెట్టి చూడాలా అని బాధపడ్డాడు. ఆయన్ని ఓదార్చడానికి ఆ టీ వదిలేసి ఇంకోటి తాగాను.

సంగతి అక్కడ తేలింది. ఈ సెన్సర్లు చల్లబడితే ఎక్కువ అంకె చూపిస్తాయి, వేడెక్కితే తక్కువ. మా గాబు సెన్సరు పుట్టుకతోనే ఎక్కువ చూపించే రకం. మామూలు బోరునీళ్ళలో అది చెప్పిన అంకె కొత్త బోర్డుకి మంచుగడ్డలాగా వినిపించింది. సెన్సరు తెలుగులో చెబుతోంది, బోర్డు తమిళంలో వింటోంది. చలిదేశాల్లో పైపులు గడ్డకట్టి పగిలిపోకుండా అలాంటప్పుడు కాపాడుకోమని బోర్డుకి నేర్పి పెట్టారు. అది తనకి నేర్పినట్టే నీళ్ళు కాచింది. మేం ఐసు వేశాం, దాని అనుమానం నిజమైంది, ఇంకా పట్టుదలగా కాచింది. మరీ వేడెక్కితే ఆపెయ్యాల్సిన రెండో సెన్సరుదీ అదే భాష కాబట్టి, అదీ కాపాడలేకపోయింది. ఇంత జరుగుతున్నా తన లెక్కలో తాను ఒక ఇంటిని గడ్డకట్టుకుపోకుండా రక్షిస్తున్నానే అనుకుంది.

అందుకే మీకు చెబుతున్నాను. పిన్ను దూరినంత మాత్రాన బోర్డు సరిపోయినట్టు కాదు. పెట్టెలో పట్టిందా, రంగు కలిసిందా అన్నది కాదు. హీటరు, పంపులు, సెన్సర్లు అన్నిటితో అది మాట్లాడగలదా లేదా చూడాలి. బోర్డు మారిస్తే దాని సెన్సర్లు కూడా దానితోపాటే తెచ్చుకోవాలి. ఈ ముక్క ఆ రోజుల్లో నాకు చెప్పినవాళ్ళు లేరు. దుకాణదారు కూడా నా మీటరు చూశాకే గడ్డం గోక్కున్నాడు. ఇద్దరం కూర్చుని మా హీటరుకీ పంపులకీ కుదిరే బోర్డు వేరే ఒకటి, దాని సొంత సెన్సర్లతో సహా ఏరాం. అక్కడే బకెట్టు నీళ్ళలో పెట్టి, అంకె సరిగా వచ్చాకే అట్టపెట్టెలో పెట్టించుకున్నాను.

తిరిగొచ్చి బిగించాను. చలిగదుల్లో టిక్కీల మధ్య గుచ్చి చూసే పొడుగాటి థర్మామీటరు తెచ్చి గాబులో వేలాడదీశాను. తెరమీద అంకె, థర్మామీటరు అంకె ఒకదాని వెనక ఒకటి నడిచాయి. భాయ్ మూడుసార్లు కళ్ళజోడు తుడుచుకుని చూసి, ఇప్పుడు ఇద్దరూ ఒకే మాటమీద ఉన్నారు అన్నాడు. కట్టుతో ఉన్న చెయ్యి వెనక్కి పెట్టుకుని మేనేజరుగారు దూరంగా నిలబడ్డాడు. పెద్దమ్మగారు ముందు నన్ను చెయ్యి పెట్టి చూడమన్నారు. తర్వాత కొడుకుని, తర్వాత భాయ్‌ని. అందరి చేతులూ బాగానే బయటికి వచ్చాక అప్పుడు దిగారు. బుడగలు లేచాయి. కొడుకు మొహం తిప్పుకుని గోడవైపు చూస్తూ నిలబడ్డాడు. మిరపకాయల ఘాటు అన్నాడు నాతో. ఆ రోజు గోడ అవతల ఏమీ ఆరబొయ్యలేదు.

వారం తిరక్కుండా ఆవిడ మళ్ళీ లేచి తిరగడం మొదలుపెట్టారు. మా ఉద్యోగాలు మళ్ళీ ఉద్యోగాల్లాగా అయ్యాయి.

ఆ నెల చివర్లో రోహిణికార్తె ఎండలు వచ్చాయి. ఒకరోజు మధ్యాహ్నం గాబు ఆగిపోయిందని కబురు. వెళ్ళి చూస్తే తెరమీద రెండే అక్షరాలు, ఓ, హెచ్. యజమానిగారు ఓహ్ అంటోందండీ అన్నారు, ఈసారి భయంగా. నేను థర్మామీటరు వేసి చూశాను. హీటరు ఆపేసి ఉంది. వట్టి ఎండకే నీళ్ళు మనిషి కూర్చోలేనంత కాగాయి. వేడి మితిమీరిందని బోర్డు తనంతట తానే అన్నీ కట్టేసింది. దాని తప్పు రవ్వంత కూడా లేదు.

"అయితే ఈ బోర్డు మంచిదేనా?" అన్నారు పెద్దమ్మగారు.

"చాలా మంచిదండీ. ఎండే ఎక్కువగా ఉంది."

"ఎండకి మార్చే బోర్డు కూడా చెన్నైలో అడిగి రావాల్సింది," అని ఆవిడ గోడ పట్టుకోకుండానే లేచారు. నీళ్ళు చల్లబడేదాకా ఇంట్లో ఉడికిపోవడం దేనికి, చలిగదిలో కుర్చీ వేయించు, సాయంత్రందాకా అక్కడే కూర్చుని ఒక్కొక్క టిక్కీ విప్పించి చూస్తానన్నారు. మేనేజరుగారిని తాళాలు పట్టుకుని రమ్మన్నారు.

నేను ఆఫీసుకి వెళ్ళి, ఆవిడ గాబులో ఉన్నారన్న ధైర్యంతో తీస్తున్న కునుకులోంచి ఆయన్ని లేపి విషయం చెప్పాను. ఆయన కట్టు విప్పిన చేత్తో నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"ఫోర్‌మన్ గారూ, ఎలాగైనా ఆ గాబు బాగుచెయ్యండి," అన్నాడు.